జచ్చా, బచ్చా, నడుమ జబాన్

మన ఇళ్లలో కోడలు కడుపుతో ఉందన్న ఖబర్‌ను ఎవరూ గట్టిగా చెప్పరు. దఖ్నీ మాట్లాడే ఇంట్లో "ఉమ్మీద్ సే హై" అంటారు. చనువున్న ఖాలా అయితే "పేట్ సే హై" అంటుంది. తెలుగే మాదరీ జబాన్ అయిన దూదేకుల, నూర్‌బాషా ఇళ్లలో "నెల తప్పింది", "నీళ్లోసుకుంది" అంటారు. ఫిఖ్హ్ కితాబులో ఆమె "హామిలా". అంగన్‌వాడీ రిజిస్టర్లో "గర్భిణి". డాక్టరమ్మ చీటీలో రెండు మూడు ఇంగ్లిష్ పొడి అక్షరాలు. కాన్పు అయ్యాక ఒకచోట "జచ్చా", ఇంకోచోట "బాలింత". మనిషి ఒక్కతే, పేర్లు ఇన్ని.

ఇన్ని మాటలుండటం దౌలతే. కానీ వాటిలో ఏ మాట వింటే ఆమె లేచి దవాఖానాకు బయల్దేరుతుందో, ఏ మాట వింటే "సరే" అని తలూపి ఊరుకుంటుందో తెలియకపోతే ఆ దౌలత్ ఎందుకూ కొరగాదు. మన దక్కన్‌లో ఈ సవాలుకు దాదాపు నూట ఎనభై ఏళ్ల తారీఖ్ ఉంది. ఇక్కడ డాక్టరీ చదువుకునే జబాన్ మూడుసార్లు మారింది. మారిన ప్రతిసారీ హుకూమత్ ఆలోచించింది, ఉస్తాదులు బహస్ చేసుకున్నారు. పురిటి మంచం మీదున్న మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

హకీంలు ఉర్దూలో చదివారు, జనానా గుమ్మం దగ్గర ఆగారు

కలకత్తాలో 1822లో కంపెనీ సర్కారు నేటివ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్ తెరిచింది. అక్కడ పాఠాలు దేశీ జబాన్‌లలో చెప్పేవారు. 1835లో దాన్ని మూసేసి, ఇంగ్లిష్‌లో చెప్పే మెడికల్ కాలేజీ పెట్టారు. ఆ రోజుల్లో హవా అంతా ఇంగ్లిష్ వైపే వీస్తోంది. హైదరాబాద్ మాత్రం ఎదురు నడిచింది. నాలుగో నిజాం నాసిరుద్దౌలా హయాంలో 1846లో ఇక్కడ మెడికల్ స్కూల్ మొదలైంది. రెసిడెన్సీ సర్జన్ డాక్టర్ విలియం క్యాంప్‌బెల్ మాక్లీన్ దాన్ని నిలబెట్టారు. విలాయతీ వైద్యమే, కానీ చెప్పింది ఉర్దూలో. చదివి బయటికొచ్చినవాళ్లకు ఇచ్చిన పట్టం కూడా మనకు పరిచయమైనదే: హకీం.

ఇది మన రియాసత్ గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి. కోత, కట్టు, మందు, మోతాదు అన్నీ దేశీ జబాన్‌లో నేర్పవచ్చని హైదరాబాద్ అప్పుడే చూపించింది. అయితే ఆ తరగతిలో కూర్చున్నవాళ్లంతా మగవాళ్లు. పర్దా ఉన్న ఇంట్లో మగ హకీం వస్తే, తెర వెనక నుంచి చాపిన చెయ్యి పట్టుకుని నబ్జ్ చూడటమే అతనికి దక్కే భాగ్యం. నొప్పులు మొదలైన గదిలోకి అతనికి దారి లేదు. అంటే ఇల్మ్ ఉర్దూలోనే ఉంది, గదిలో అమ్మ మాట్లాడేదీ దఖ్నీయే, కానీ ఆ రెంటికీ నడుమ తలుపు మూసి ఉంది. జబాన్ దగ్గరైనంత మాత్రాన పైగామ్ చేరదని మనకు దొరికే మొదటి సబఖ్ ఇది. ఏ భాషలో చెబుతున్నాం అన్నది ఎంత ముఖ్యమో, ఎవరి నోటితో చెబుతున్నాం అన్నదీ అంతే ముఖ్యం.

ఆ గదిలో ఉన్నదెవరు? బస్తీలో దాయి, ఊళ్లో మంత్రసాని. ఎక్కువగా పేదింటి ఆడవాళ్లు, అక్షరం రానివాళ్లు, కింది కులాలని లోకం పక్కకు నెట్టినవాళ్లు. మన ముస్లిం తారీఖ్‌లో ఈ పనికి మంచి ఇజ్జత్ ఉంది. మదీనాలో ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇంటి పిల్లల కాన్పుల దగ్గర సల్మా (రజియల్లాహు అన్హా) అనే ఖాతూన్ ఉన్నారని రివాయతులు చెబుతాయి. 1377లో ముఖద్దిమా రాసిన ఇబ్న్ ఖల్దూన్ మంత్రసాని పనికి అందులో ఒక ఫస్ల్ కేటాయించాడు. మనిషి జాతి నిలబడటానికి తప్పనిసరి అయిన హునర్లలో దాన్ని లెక్కించాడు. పాలు మాన్పించే వయసు దాకా పసిబిడ్డకు వచ్చే బాధలు ఆరితేరిన తబీబ్ కంటే ఈ ఆడవాళ్లకే బాగా తెలుసని ఒప్పుకున్నాడు.

దాయిని దేవతను చేయడం నా ఉద్దేశం కాదు. కడగని చేతులు, కడగని కత్తి, బొడ్డు మీద పూసే బూడిద, పేడ ఎంతోమంది పసివాళ్ల ప్రాణం తీశాయి. పుట్టిన వారం రోజులకు బిడ్డ నోరు బిగుసుకుపోయి, పాలు తాగలేక, ఒళ్లు విల్లులా వంగిపోయి చనిపోయేది. అది ధనుర్వాతం. పంజాబ్‌లో దానికి ఎనిమిదో రోజు జబ్బు అని అర్థం వచ్చే పేరే ఉంది. ఎన్నో రోజున వస్తుందో జనానికి తెలుసు, ఎందుకు వస్తుందో తెలియదు. దాయికి కావలసింది మోటు కితాబు కాదు. "బ్లేడు మరిగించు, చేతులు సబ్బుతో కడుక్కో, బొడ్డు మీద ఏమీ పెట్టకు" అని ఆమె జబాన్‌లో, ఆమెను కించపరచకుండా చెప్పే ఒక మనిషి.

అలాంటి ప్రయత్నాలు ఆలస్యంగా మొదలయ్యాయి. 1885లో లేడీ డఫ్రిన్ ఫండ్, 1903లో లేడీ కర్జన్ పెట్టిన విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్ ఫండ్ వచ్చాయి. రెండోది దాయీల తర్బియత్ కోసమే పుట్టింది. ఆ ఫండ్ తరఫున 1918లో హిందుస్తాన్‌లో కాన్పుల హాలత్ మీద ఇంగ్లిష్‌లో ఒక కితాబు అచ్చయింది. దాయీల మీద ఫిర్యాదులు అందులో బోలెడు. ఆ ఫిర్యాదుల్లో నిజం ఉంది. కానీ ఎవరి గురించి రాశారో వాళ్లలో ఒక్కరూ చదవలేని జబాన్‌లో అది అచ్చయింది.

ఇంగ్లిష్ వచ్చింది, ఆడవాళ్లకు తలుపు తెరుచుకుంది

1885లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్‌కు వచ్చారు. క్లోరోఫాం మీద 1888లో, 1889లో ఇక్కడ జరిగిన కమిషన్లతో దునియా అంతా పేరు పొందిన మనిషి. ఆ రోజుల్లోనే మెడికల్ స్కూల్ చదువు ఉర్దూ నుంచి ఇంగ్లిష్‌కు మళ్లింది. ఉర్దూ అభిమానులకు ఇది దుఃఖం కలిగించే మలుపే. కానీ తారీఖ్‌ను పూర్తిగా చదవాలి. ఆడపిల్లలకు ఆ స్కూలు తలుపులు తెరుచుకున్నదీ అప్పుడే. 1885లో చేరి 1889లో హకీం పట్టం తీసుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ ఖాతూన్, రోగికి మత్తు ఇచ్చే పనిలో ప్రపంచంలోనే మొదటి మహిళా డాక్టర్‌గా పేరు పొందారు. రెసిడెన్సీ ఆసుపత్రిలో, అఫ్జల్‌గంజ్ దవాఖానాలో, జనానా దవాఖానాలో ఏళ్ల తరబడి ఖిద్మత్ చేశారు.

దగ్గరి జబాన్ ఉన్నప్పుడు ఆడవాళ్లు లోపలికి రాలేదు. దూరపు జబాన్ వచ్చినప్పుడు వచ్చారు. ఈ రెండో సబఖ్ కొంచెం చేదుగా ఉంటుంది, కానీ మింగాల్సిందే. ఉర్దూ కావాలా, తెలుగు కావాలా, ఇంగ్లిష్ కావాలా అని మాత్రమే వాదించుకునేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. డాక్టర్ ఏ భాషలో చదివిందో జచ్చాకు అక్కర్లేదు. తన పక్కన కూర్చుని ఏ భాషలో పలకరించిందన్నదే ఆమెకు కావాలి. ఇంగ్లిష్‌లో చదివి దఖ్నీలో పలకరించే ఆడ డాక్టర్, ఉర్దూలో చదివి గుమ్మం అవతలే ఆగిపోయే హకీం కంటే ఆమెకు వెయ్యి రెట్లు దగ్గర.

1906లో ఆ నాటి వేల్స్ యువరాణి మేరీ చేతుల మీదుగా మూసీ ఒడ్డున విక్టోరియా జనానా హాస్పిటల్‌కు పునాది పడింది. సర్కారు పెట్టిన పేరు అంత పొడుగు. జనం పెట్టిన పేరు ఒక్క మాట: జచ్గీఖానా. అది ఆడవాళ్ల నోటి మాట. ఆ పేరులోనే పర్దా భరోసా ఉంది, ఇది మన చోటు అన్న ఇత్మినాన్ ఉంది. దవాఖానా అనే మాటా అలాగే ఉర్దూ గడప దాటి తెలంగాణ తెలుగులో కలిసిపోయింది. ఊళ్లో ఏ మతం ముసలమ్మ అయినా "సర్కారు దవాఖాన" అనే అంటుంది. ఏ కమిటీ కూర్చుని ఆ మాటను ఖాయం చేయలేదు.

దారుల్ తర్జుమా: గొప్ప పని, ఎత్తైన మాటలు

మళ్లీ ఉర్దూ వంతు వచ్చింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఫర్మాన్ ఇచ్చారు, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడింది. ఒక దేశీ భాషలో పై చదువులన్నీ చెప్పాలన్న ఇరాదా. దానికోసం దారుల్ తర్జుమా పెట్టారు, మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి మొదటి నాజిం. ఫల్సఫా నుంచి ఇంజినీరింగ్ దాకా వందల కితాబులు ఉర్దూలోకి వచ్చాయి. 1920లలో మెడికల్ కాలేజీ కూడా యూనివర్సిటీలో భాగమై ఉర్దూలో పాఠాలు మొదలుపెట్టింది. గులామీ రోజుల్లో ఇంత హిమ్మత్ చూపించిన చోటు హిందుస్తాన్‌లో ఇంకోటి లేదు.

ఒక్కో ఇంగ్లిష్ మాటకు ఉర్దూ ఇస్తిలాహ్ తయారు చేయాలి. ఎక్కడ్నుంచి తేవాలి? దీని మీద పెద్ద బహస్ నడిచింది. అరబీ నుంచి తేవాలని కొందరు, హిందీ, ఫార్సీ ధాతువులతో ఉర్దూ తన సొంత రివాజులో మాటలు కట్టుకోవచ్చని కొందరు. వహీదుద్దీన్ సలీం ఈ విషయం మీద 1921లో "వజ్-ఎ-ఇస్తిలాహాత్" అనే కితాబే రాశారు. అయినా పుస్తకాల్లో అరబీ, ఫార్సీ మాటల బరువే ఎక్కువ కనిపిస్తుంది.

కాన్పు చుట్టూ ఉన్న మాటలే తీసుకోండి. ఉర్దూ డాక్టరీ కితాబులో గర్భసంచి "రహిమ్". ఇంట్లో అమ్మీ అనేది "బచ్చేదానీ". కితాబులో "జనీన్", ఇంట్లో "బచ్చా". కితాబులో "మషీమా", ఇంట్లో "ఆఁవల్". కితాబులో "తషన్నుజ్", ఇంట్లో "ఝట్కే". మంత్రసాని విద్యకు కితాబులో "ఫన్-ఎ-ఖబాలత్" అని పేరు, ఇంట్లో "జచ్గీ". చదువుకున్న డాక్టర్‌కు మొదటి మాటలు కావాలి, సందేహం లేదు. ఇల్మ్‌కు తూకం తప్పని మాటలుండాలి. కానీ ఆ మాటలను రెండో వరసలోకి దించి ఆడవాళ్ల చెవిన వేసే ఏర్పాటు అంత శ్రద్ధగా జరగలేదు.

పైగా రియాసత్‌లో దాదాపు సగం మంది మాదరీ జబాన్ తెలుగు. పావు వంతు మంది మరాఠీ. ఉర్దూ మాట్లాడేవాళ్లు పదో వంతు పైచిలుకే. నల్లగొండ పల్లెలో మంత్రసానికి "మషీమా" అన్నా ఒకటే, ఇంగ్లిష్ మాట అన్నా ఒకటే. ఆమె దాన్ని "మాయ" అంటుంది. మాయ పూర్తిగా పడిందా, ముక్క లోపల మిగిలిందా అన్నదాని మీద తల్లి ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఆ ప్రశ్న అడగాల్సిన మాట "మాయ" ఒక్కటే. మన జబాన్ మీద మనకున్న ముహబ్బత్ ఈ నిజాన్ని కప్పేయకూడదు.

1948 సెప్టెంబర్ తర్వాత హుకూమత్ మారింది. ఉస్మానియాలో చదువు ఇంగ్లిష్‌కు మారిపోయింది. దారుల్ తర్జుమా కథ అక్కడితో ముగిసింది.

బేగంల దారి

అదే కాలంలో భోపాల్‌లో ఇంకో దారి కనిపిస్తుంది. నలుగురు బేగంలు ఏలిన రియాసత్ అది. నవాబ్ షాజహాన్ బేగం 1889లో "తహజీబున్ నిస్వాన్" పేరుతో ఆడవాళ్ల కోసం ఉర్దూలో పెద్ద కితాబు రాశారు. హమల్, కాన్పు, పసిపిల్లల పెంపకం అందులో ఉన్నాయి. ఆమె కూతురు సుల్తాన్ జహాన్ బేగం 1901 నుంచి 1926 దాకా ఏలారు. దాయీలకు తర్బియత్ ఇప్పించే ఏర్పాట్లు చేశారు. పిల్లల పెంపకం మీద, తందురుస్తీ మీద ఉర్దూలో కితాబులు తానే రాశారు. ఒక హుక్మ్‌రాన్ కూర్చుని పసిబిడ్డ స్నానం గురించి, పాలు గురించి రాయడం ఆలోచించండి. 1920లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి ఆమే మొదటి చాన్సలర్.

20వ శతాబ్దం మొదట్లో మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ "బిహిష్తీ జేవర్" వెలువరించారు. జహేజ్‌తో పాటు ఖురాన్ షరీఫ్ పక్కన పెట్టి కూతుర్ని అత్తారింటికి పంపిన కితాబు అది. నమాజ్, రోజా మస్‌అలాలతో ఆగిపోలేదు. దాని తొమ్మిదో హిస్సా ఆడవాళ్ల, పిల్లల ఆరోగ్యం గురించే. అందులోని వైద్యం యూనానీ, ఈనాటి కాన్పుకు అది చాలదు, దాన్ని చూసి సొంత ఇలాజ్ చేసుకోకూడదు. కానీ చెప్పిన తీరు చూడండి. వుజూ గురించి చెప్పిన నోటే హమల్ గురించి చెబుతోంది. దీన్ గురించి చెప్పే జబాన్, ఒళ్లు గురించి చెప్పే జబాన్ ఒక్కటే కావడం వల్ల షరమ్ అడ్డుపడలేదు. హయా పేరుతో ఈ విషయాలు ఇంట్లో మాట్లాడకూడదనేవాళ్లు ఈ ఒక్క సంగతి గమనించాలి.

దారుల్ తర్జుమా ఉర్దూ కూడా ఉర్దూయే, బేగంల ఉర్దూ కూడా ఉర్దూయే. మొదటిది ఇల్మ్‌ను మోసింది, రెండోది ఇంటికి చేర్చింది. రెండూ కావాలి. రెండోది లేకపోతే మొదటిది అల్మారాలో దుమ్ము పట్టి ఉండిపోతుంది.

ఒక్క మాట తేడాతో ఏ గుమ్మానికి

ఇదంతా పాత కథ అనుకోకండి. మూడు మాటలు చూడండి.

మొదటిది, ఝట్కే. నెలలు నిండుతున్న తల్లికి రక్తపోటు పెరిగి, తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం, చేతుల వాపు వచ్చి, ఆఖరికి ఫిట్స్ రావచ్చు. కాన్పు తర్వాత కూడా రావచ్చు. పాత తెలుగు దీన్ని "గుర్రపువాతం" అంది. అది జబ్బు పేరు, కాబట్టి వైద్యుడి వైపు నడిపిస్తుంది. మన ఇళ్లలో "అసర్ హై", "సాయా హై", "హవా లగీ" అంటే అడుగులు ఆమిల్ వైపు పడతాయి. పక్కింట్లో "గాలి సోకింది" అంటే భూతవైద్యుడి వైపు. ఒంట్లో జరుగుతున్నది ఒక్కటే, పెట్టిన పేరును బట్టి గుమ్మం మారుతుంది. దీనికి మెగ్నీషియం సల్ఫేట్ అనే సూది మందు ఉంది, అది దవాఖానాలోనే ఇస్తారు. దుఆ చదవండి, దమ్ చేయండి, కానీ 108 బండిలో కూర్చున్నాక చేయండి.

రెండోది, నిఫాస్. ఈ మాట తెలియని ముస్లిం ఖాతూన్ ఉండదు. కాన్పు తర్వాత వచ్చే ఖూన్. హనఫీ ఫిఖ్హ్‌లో దాని గరిష్ఠ గడువు 40 రోజులు, ఆ తర్వాత వచ్చేది ఇస్తిహాజా. శతాబ్దాలుగా మన ఆడవాళ్లు ఖూన్ రోజులు లెక్కపెట్టుకోవడం నేర్చుకున్నారు. ఎంత గొప్ప అలవాటు! కానీ ఇక్కడే చిన్న ఇరుకుంది. ఫిఖ్హ్ రోజులు లెక్కపెడుతుంది, డాక్టర్ పరిమాణం లెక్కపెడుతుంది. కాన్పయిన కొన్ని గంటల్లోనే గుడ్డలు గుడ్డలు తడిసిపోతున్నా "నిఫాసే కదా, వస్తుందిలే" అనుకుంటే ప్రాణం పోతుంది. మన దేశంలో తల్లుల మరణాలకు పెద్ద కారణాల్లో ఈ రక్తం పోవడం ముందుంటుంది. నిఫాస్ అన్న మాట నమాజ్ ఎప్పుడు మాఫ్ అవుతుందో చెబుతుంది. రక్తం ఎంత పోతే ప్రమాదమో చెప్పడం దాని పని కాదు. గంటలోపే ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతే, కళ్లు తిరిగితే, ఒళ్లు చల్లబడితే అది ఎమర్జెన్సీ. మన ఆలిమాలు ఔరతోంకె మస్‌అలే చెప్పేటప్పుడు ఈ ఒక్క జుమ్లా కలిపితే చాలు, ఏ పోస్టరూ చేయలేని పని అవుతుంది.

మూడోది, మొదటి పాలు. తెలుగులో "ముర్రుపాలు", ఉర్దూలో "ఖీస్". చిక్కగా పసుపుపచ్చగా ఉంటే కొన్ని ఇళ్లలో పిండి పారబోసేవారు, తేనె, ఘుట్టీ నాకించేవారు. తహనీక్ సున్నత్ గదా అంటారు. తహనీక్ అంటే ఖర్జూరం నమిలి మెత్తగా చేసి అంగిలికి రాయడం. అది కడుపు నింపే ఖూరాక్ కాదు, తల్లిపాలకు బదులూ కాదు. బిడ్డ హాలత్ ఎలా ఉందో, తహనీక్ ఎప్పుడు చేయవచ్చో డాక్టర్‌తో మాట్లాడుకోండి. తేనె మాత్రం ఏడాది నిండేదాకా పసిబిడ్డకు మంచిది కాదు. గంటలోపు తల్లిపాలు, ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే అన్నది నేటి వైద్యం. పాలు పట్టే గడువు గురించి సూరె బఖరా 233వ ఆయత్‌లోనే హిదాయత్ ఉంది. అంగన్‌వాడీ టీచర్ చెప్పేదీ, మన దీన్ చెప్పేదీ ఒకే వైపు ఉన్నప్పుడు ఆ రెంటినీ కలిపి చెప్పే మనిషే కరువు.

నేటి తెలుగు కూడా అదే మెట్టు ఎక్కింది

దారుల్ తర్జుమా చేసిన పొరపాటే నేటి సర్కారీ తెలుగు చేస్తోంది. అక్కడ అరబీ, ఇక్కడ సంస్కృతం, అంతే తేడా. "ప్రసవానంతర రక్తస్రావం", "గర్భస్థ పిండం", "జరాయువు", "నవజాత శిశు సంరక్షణ". చదువుకున్న వాళ్లకే నాలుక మడతపడే మాటలు. "కాన్పయ్యాక రక్తం ఎక్కువగా పోవడం", "కడుపులో బిడ్డ", "మాయ", "పుట్టిన బిడ్డను చూసుకోవడం" అంటే ఎవరి పరువు పోతుంది?

మన విషయంలో ఇంకో రెండు అపోహలున్నాయి. ముస్లిం అంటే ఉర్దూ అనుకుని ఉర్దూ లిపిలో కరపత్రం అచ్చేసి పని అయిపోయిందనుకోవడం ఒకటి. 2017లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా ప్రకటించాయి, ఇది మన హక్కు, అందులో షక్ లేదు. కానీ ఇంట్లో దఖ్నీ మాట్లాడుతూ తెలుగు మీడియంలోనో, ఇంగ్లిష్ మీడియంలోనో చదివిన మన ఆడపిల్లల్లో ఎంతోమందికి ఆ లిపి చదవడం రాదు. ఇంట్లోనూ తెలుగే మాట్లాడే దూదేకుల చెల్లెలికి ఉర్దూ కరపత్రం పరాయిదే. రెండో అపోహ దీనికి తలకిందులు: అందరికీ తెలుగు వచ్చు కదా, ఇంకేం కావాలి అనుకోవడం. మార్కెట్లో కూరగాయలు బేరమాడే తెలుగు వేరు, నొప్పుల్లో "ఎక్కడ, ఎలా" అని చెప్పుకునే జబాన్ వేరు. దర్ద్‌లో మనిషి తన తల్లి జబాన్‌లోకే జారిపోతుంది. "దర్దాఁ ఉఠ్‌రైఁ" అని మూలిగే అమ్మాయికి "ఏమంటోందో అర్థం కావట్లేదు" అన్న జవాబు రాకూడదు.

సరైన మనిషి, సరైన మాట కలిస్తే ఏమవుతుందో పోలియో చుక్కల కథ చూపించింది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ముస్లిం బస్తీల్లో చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న అఫ్వా పాకింది. తలుపులు మూసుకున్నాయి. పోస్టర్లతో అవి తెరుచుకోలేదు. 2001 నుంచి అదే బస్తీ ఆడవాళ్లను ఇంటింటికీ పంపారు, మస్జిదుల నుంచి ఎలాన్ చేయించారు, ఆలిమ్‌లు తమ నోటితో చెప్పారు. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ప్రాంతానికి పోలియో రహిత సర్టిఫికెట్ వచ్చింది.

తల్లుల విషయంలోనూ మనం చాలా దూరం వచ్చాం. 2004-06 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఆశా వర్కర్లు, అంబులెన్సులు, దవాఖానా కాన్పులు దీని వెనక ఉన్నాయి. అల్‌హందులిల్లాహ్. కానీ ఆ 43 మందిలో ప్రతి ఒక్కరూ ఒక ఇంటి బేటీ. యువరాణి నిలోఫర్ తన ఖిద్మత్‌లో ఉన్న ఒక అమ్మాయి కాన్పులో చనిపోతే తట్టుకోలేక తల్లీపిల్లల దవాఖానా కావాలని పట్టుబట్టారు. ఆమె పేరుతో 1953లో మొదలైన దవాఖానాకు ఈ రోజూ జిల్లాల నుంచి పసిబిడ్డల్ని ఎత్తుకుని వస్తున్నారు. ఒక్క మరణాన్ని లెక్క అనుకోకుండా మనిషి అనుకోవడం వల్ల అది నిలబడింది.

మన ఇంట్లో మన జిమ్మేదారీ

సర్కారు చేయాల్సింది సర్కారు చేయాలి. దఖ్నీ వచ్చిన నర్సులు, ఆశాలు మన బస్తీల్లో ఉండాలి. కరపత్రం ఉర్దూ లిపిలో ఒకటి, తెలుగు లిపిలో రాసిన దఖ్నీలో ఒకటి, వాడుక తెలుగులో ఒకటి ఉండాలి. చదవలేని దాదీల కోసం ఫోన్‌లో వినిపించే ఆవాజ్ ఉండాలి.

అంతదాకా మన చేతిలో ఉన్నది తక్కువేం కాదు. కోడలు ఉమ్మీద్‌తో ఉన్న ఇంట్లో సాస్, శౌహర్, కోడలు ముగ్గురూ కూర్చుని ప్రమాద గుర్తులను తమ ఇంటి మాటల్లోకి మార్చుకోండి. ఫిట్స్ అంటే ఈ ఇంట్లో ఏమంటాం? ఎక్కువ రక్తం అంటే ఎన్ని గుడ్డలు? బిడ్డ పాలు పట్టకపోతే, ఒళ్లు చల్లగా ఉంటే, పక్కటెముకలు లోపలికి లాగేస్తూ ఊపిరి తీస్తే, మొదటి రోజే ఒళ్లు పచ్చబడితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి? డాక్టరమ్మ చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ అడగడానికి షరమ్ పడొద్దు. ఇమామ్ సాహెబ్‌లు జుమా బయాన్‌లో మర్దులకు చెప్పండి, ఎందుకంటే బండి పిలవాల్సిందీ, డబ్బు తీయాల్సిందీ ఎక్కువ ఇళ్లలో వాళ్లే.

ప్రతి రసూల్‌నూ అల్లాహ్ తన కౌమ్ జబాన్‌తోనే పంపాడని, వాళ్లకు విషయం స్పష్టం కావాలన్నదే దాని మక్సద్ అని సూరె ఇబ్రాహీం నాలుగో ఆయత్ భావం. రబ్బుల్ ఆలమీన్ తన పైగామ్‌కే వినేవాడి జబాన్‌ను ఎంచుకున్నాడు. బ్లేడు మరిగించమని, రక్తం ఆగకపోతే పరుగెత్తమని చెప్పే మన చిన్న పైగామ్‌కు అంతకంటే పెద్ద జబాన్ ఎందుకు?

అల్లాహ్ ప్రతి జచ్చానూ, ప్రతి బచ్చానూ సలామత్‌గా ఉంచుగాక. ఆమీన్.